రాగి నాణేనికి తిలావత్

మట్టికి నోరిచ్చి, ఆ నోటికి తన పేరు నేర్పిన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. ఆ రోజుల్లో నాకు అరబీ బాగా వచ్చనుకునేవాణ్ని. మా కడప పక్క మదర్సాలో ఖురాన్‌ను తప్పు లేకుండా చదవడం నేర్పారు. అర్థం పెద్దయ్యాక తెలుసుకోవచ్చులే అన్నారు. పెద్దవాణ్ని కాకముందే జెద్దా వచ్చేశాను.

అక్కడ పాత వస్తువులు అమ్మే ఒక ముదీర్ (యజమాని) దగ్గర మా మామ డ్రైవరు. దుకాణంలో మనిషి కావాలంటే నా పేరు చెప్పాడు. ముదీర్‌కు నచ్చితే ఇఖామా (అక్కడ ఉండి పనిచేసుకునే అనుమతి), నచ్చకపోతే తిరుగు టికెట్టు. "అరబీ నీళ్ల మాదిరి చదువుతాడని చెప్పినా. నా పరువు నీ నాలిక మీద ఉండాది రా," అని మామ దారి పొడవునా భయపెట్టాడు.

ముదీర్ నా అరచేతిలో ఒక రాగి నాణెం పెట్టి, చదవమన్నట్టు తల ఊపాడు. ఖలీఫాల నాటి ఫల్స్ (మన పైసాలాంటిది). అంచు చుట్టూ అక్షరాలు. మొదటి మాటే బిస్మిల్లాహ్. ఇంకేముంది, నాణేన్ని కళ్లకద్దుకుని, టోపీ సర్దుకుని, గొంతెత్తి తిలావత్, అంటే ఖురాన్ పారాయణం, మొదలుపెట్టాను. సాగదీయాల్సిన చోట సాగదీశాను, ముక్కుతో పలకాల్సిన చోట పలికాను. గుండ్రటి రాత కాబట్టి ఎక్కడ ఆపాలో తెలియక రెండోసారి కూడా చుట్టి వచ్చాను. చివర అలవాటుగా "సదఖల్లాహుల్ అజీమ్", అంటే అల్లాహ్ సత్యమే పలికాడు, అని ముగించాను. మామ తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు (అన్నేళ్లు డ్రైవరుగా నేర్చిన అరబీ నా రాగం ముందు పనిచేయలేదు).

ముదీర్ గడ్డం నిమురుకుని మెల్లగా ఏదో అన్నాడు. మామ ముఖం మారింది. నాకు తెలుగులో చెప్పక తప్పలేదు.

"అల్లాహ్ ఎప్పుడూ సత్యమే పలుకుతాడంట. ఇది మాత్రం పలికింది టంకసాలోడంట. 'అల్లాహ్ పేరుతో, ఈ ఫల్సును దమస్కులో కొట్టినారు' అని ఉండాదంట రా దాంట్లో."

"మరి నువ్వెందుకు ఏడ్చినావు మామా?"

"నోర్ముయ్."

టికెట్టు ఖాయమనుకుని నాణెం తిరిగి ఇవ్వబోయాను. ముదీర్ నవ్వు ఆపుకుంటూ ఇంకో మాట అన్నాడు. ఈసారి మామ గొంతు సవరించుకున్నాడు. "పైసాను కళ్లకద్దుకునేటోడు దాన్ని ఎత్తుకపోడంట. పనిలో ఉండమంటాండాడు. రోజూ సాయంత్రం అసర్ నమాజు అయినాక, చదివేదానికి అర్థం ఆయనే చెప్తాడంట."

ఇప్పుడు ఆ దుకాణంలో కొనేవాళ్లకు నాణేల రాత విప్పి చెప్పేది నేనే. ముదీర్ దయవల్ల ఖురాన్ అర్థమూ కొంత తెలిసింది. కానీ ఆ రోజు దమస్కు టంకసాల రాతను దేవుడి మాటనుకుని చదువుతుంటే వచ్చిన వణుకు ఇప్పుడు నమాజులో ప్రతిసారీ రావడం లేదు. ఆ వెర్రి కుర్రాణ్ని తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా. అర్థం ఇచ్చిన దేవుణ్ని ఆ వణుకూ తిరిగి ఇమ్మని నేనడుగుతాను. మీరు ఆమీన్ అనండి.