కోలాగింజకు ఇంగ్లీష్ రాదు

మా పక్కింటి పెద్దాయన మంగళవారం పొద్దున పోయారు. నేను ట్రాష్ బిన్ లోపలికి లాగుతుంటే వాళ్ళబ్బాయి వచ్చి చెప్పాడు. అల్ఫారెట్టాలో మేం ఇల్లు కొన్నప్పటినుంచి, పదకొండేళ్ళుగా, గరాజ్ తలుపు ఎత్తి మడతకుర్చీలో ఠీవిగా కూర్చునే మనిషి. నైజీరియా దేశపు ఇగ్బో జాతివారు. నా లాన్‌లో కలుపు చూసి, "ఇంజనీర్, నీ గడ్డి నా గడ్డిని చెడగొడుతోంది," అనేవారు. ఆయన మాటలు తెలుగు చేసి రాస్తున్నాను. మొదట్లో ఆ అతిశయం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఒకసారి వాళ్ళింటికి వెళితే పళ్ళెంలో కోలాగింజలు పెట్టారు. మన తాంబూలంలా అది అతిథి మర్యాద. పెద్దలు దీవెన చెప్పి, విరిచి, అందరికీ పంచాలి. నాకేం తెలుసు? "థాంక్యూ అంకుల్" అంటూ ఒకటి తీసి చటుక్కున కొరికాను. ఆయన ముఖం మాడిపోయింది.

"దానికి ఇంగ్లీష్ రాదు. నీ భాషలో దీవించు," అంటూ ఇంకొకటి చేతిలో పెట్టారు. అందరూ చల్లగా ఉండాలని తెలుగులో అన్నాను. "ఇసే" అన్నారాయన. మన తథాస్తు లాంటి మాట.

ఆ రోజే వాళ్ళ తాతగారి సంగతి చెప్పారు. ఊళ్ళో ఏ పంచాయితీ జరిగినా ముందు కోలా విరిచేది ఆయనే. ఈక తురిమిన ఎర్రటోపీ ఆయన హోదా. తెల్లదొరలు వచ్చి కోర్టు పెట్టారు. ఒక భూతగాదాలో ఆయన్ని పిలిపించి, టోపీ తియ్యమన్నారు. ఆ హుకుం ఇగ్బోలో చెప్పాల్సిన దుబాసీ ఆయన కన్నకొడుకే, మిషన్ బడిలో చదివినవాడు. కొడుకు నోట ఆ మాట వినగానే తాతగారు టోపీ తీసి, దొర ముందు కాదు, కొడుకు కాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళిపోయారట. మళ్ళీ టోపీ పెట్టలేదు, కోలా విరవలేదు. కోలా లేని ఇంటికి ఎవరొస్తారు? చివరికి ఆయన్ని మోయడానికి నలుగురు దొరకడం కష్టమైందట.

"ఆ దుబాసీ మా నాన్న," అన్నారు పెద్దాయన. "నేను మాత్రం ఏం చేశాను? నా కొడుక్కి ఇంగ్లీషే నేర్పాను. వాడి ముందు కోలా విరవాలంటే నాకు సిగ్గు. నేను పోయాక నా ఇంట్లో ఎవరు దీవిస్తారు, ఇంజనీర్?"

"ఒక్క ఇసే అయినా నేర్పొచ్చుగా అంకుల్?" అన్నాను. ఆయన పళ్ళెం వైపు చూస్తూ తలవంచుకున్నారు. మా అమ్మాయి గుర్తొచ్చి నేనూ తలవంచుకున్నాను.

నిన్న పరామర్శకు వెళ్ళాం. వాళ్ళ బంధువులింకా చేరుకోలేదు. కొడుకు పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టాడు.

"డాడ్ దీవించమని మిమ్మల్నే అడగమన్నారు. ఇంగ్లీష్ మాత్రం వద్దన్నారు. నేనేం అనాలో నాకు నేర్పారు."

ఎప్పుడు నేర్పారో! గింజ చేతిలోకి తీసుకున్నాను. "పెద్దాయనా, చల్లగా వెళ్ళండి. మీ ఇంటికి నలుగురూ వస్తూనే ఉండాలి," అన్నాను. కొడుకు కళ్ళు మూసుకుని, తడబడుతూనే, "ఇసే" అన్నాడు.

అతిథి ఒక గింజ ఇంటికి తీసుకెళ్ళాలి. ఇల్లు చేరాక ఎవరిచ్చారో అదే చెబుతుందని ఆయన అనేవారు.

"నాన్నా, వాట్ ఈజ్ దిస్? ఎవరిచ్చారు?" అంది మా అమ్మాయి. గింజను తన అరచేతిలో పెట్టాను. ఇంగ్లీష్‌లో మొదలుపెట్టి, ఆగి, మళ్ళీ తెలుగులో మొదటినుంచి చెప్పాను. సగమే అర్థమైనట్టుంది. గుప్పెట మాత్రం తెరవలేదు.