మంగకు నేను మేనల్లుడినైన వైనం

ప్రేమించిన అమ్మాయికి అన్నయ్య అయిపోయినవాళ్ళు ఈ లోకంలో బోలెడంతమంది ఉంటారు. వాళ్ళందరికీ నా సానుభూతి. కానీ ప్రేమించిన అమ్మాయికి మేనల్లుడైనవాణ్ణి, అదీ ఎవరి బలవంతమూ లేకుండా, చేతులారా పుస్తకం రాసి, అచ్చు వేయించి మరీ అయినవాణ్ణి నాకు తెలిసి నేనొక్కణ్ణే. ఆ ఘనకార్యం ఎలా సాధించానో చెబుతాను. మీరు నిరభ్యంతరంగా నవ్వుకోవచ్చు, మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పట్లో నేను విశాఖ మధురవాడలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. మాది సబ్బవరం పక్క పల్లె, వ్యవసాయ కుటుంబం. ఆఫీసులో నా పక్క సీటు మంగది. వాళ్ళది సముద్రం ఒడ్డున జాలర్ల పేట. తండ్రి ఇంజిన్ బోటు మీద వేటకి వెళ్తాడు. ఇంటిపేరు దోనుపల్లి. మేమిద్దరం ఇష్టపడ్డాక, మా నాన్నని ఒప్పించడం నా వంతు, వాళ్ళ నూకాలు మామ్మని ఒప్పించడం మంగ వంతు అని పంచుకున్నాం. మామ్మ ఊఁ అంటే ఆ ఇంట్లో ఇంకెవరూ నోరెత్తరు. మామ్మ ఊహూఁ అంటే సముద్రం కూడా నోరెత్తదు.

ప్రేమ ఒక్కటీ చాలదన్నట్టు నాకు రచయితనన్న భ్రమ కూడా ఉండేది. ఆఫీసులో ఇతరుల ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. సొంతంగా తప్పులు చేయడానికి తీరిక దొరక్క, సాయంత్రాలు తెల్లదొరల కాలం నాటి సాహస నవల ఒకటి మొదలుపెట్టాను. హీరో సింహాద్రి అనాథ. రంగూన్ నుంచి వస్తున్న ఓడలో తల్లీ తండ్రీ పోగా మిగిలిన పసివాడు. తండ్రి పోతూ చెప్పిన ఇంటిపేరు ఒక్కటే వాడి ఆస్తి. తనవాళ్ళ కోసం వాడు సముద్రాలన్నీ గాలిస్తాడు. దొంగల ఓడలో చిక్కుకుంటాడు, సొరచేపతో కలబడతాడు, నాకు విసుగు పుట్టినప్పుడల్లా ఉరికంబం దాకా వెళ్ళి తప్పించుకుంటాడు. తీరా విశాఖ ఒడ్డుకి చేరేసరికి పేటంతా తుఫానుకి కొట్టుకుపోయి ఉంటుంది. వాడు ఏడుస్తూ లోపలి ఊళ్ళవైపు నడిచిపోతాడు. ముగింపులో ఏడుపుంటే దాన్ని సాహిత్యం అంటారని ఎక్కడో విన్నాను.

సింహాద్రికి ఇంటిపేరు కావాల్సివచ్చినప్పుడు, ప్రేమకానుకగా ఉంటుందని మంగ ఇంటిపేరు పెట్టేశాను. ఇంతవరకూ బాగానే ఉంది. కొన్ని నెలల తర్వాత అచ్చుకి ఇవ్వబోతూ, నిజంగా జరిగిన కథ అంటే జనం ఎగబడి కొంటారన్న దుర్బుద్ధి పుట్టింది. సింహాద్రి కల్పిత పాత్ర కాదనీ, సబ్బవరం చేరి, ఇంటిపేరు మార్చుకుని స్థిరపడిన మా సొంత ముత్తాత అనీ ముందుమాటలో రాసి, కింద సంతకం కూడా గీకాను. ఈ రెండూ కలిపితే ఏమవుతుందో నాకు తట్టలేదు. ఒకే వంశం, ఒకే ఇంటిపేరు వాళ్ళ మధ్య పెళ్ళి మాట ఎత్తకూడదని మా పల్లెలో చంటిపిల్లలకి కూడా తెలుసు. చంటిపిల్లలు నవలలు రాయరు కాబట్టి క్షేమంగా ఉంటారు.

మామ్మకి చదువు రాదు. నామీద మంచి అభిప్రాయం కలుగుతుందని మంగ రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని నవల చదివి వినిపించేది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కూడా చేరేవాళ్ళట. సింహాద్రికి జ్వరం వచ్చిన రోజు మామ్మ అన్నం ముట్టలేదట. ఇవన్నీ వింటూ నేను ఆఫీసులో కాలర్ ఎగరేస్తూ తిరిగాను. కథ అయిపోయిందంటే మామ్మకి మనసొప్పలేదు. ఇంకేమైనా ఉందేమో చూడమంది. ముందుమాటలు ఎవరు చదువుతారని మొదట్లో వదిలేసిన మంగ, వెనక్కి తిప్పి అది కూడా చదివింది. విషయం అర్థమై సగంలో ఆపేసింది గానీ, ఆపాల్సిన వాక్యం అప్పటికే దాటిపోయింది.

"మామ్మ నిన్ను రమ్మంటంది," అంది ఫోన్లో.

"ఒప్పేసుకుందా?"

"నువ్వు ముందు రా. రాసినావు కదా, అనుభవించు."

ఆ గొంతులో తేడా గమనించేంత తెలివి ఉంటే నా కథ వేరేలా ఉండేది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, స్వీట్ల పెట్టె పట్టుకుని వెళ్ళాను. గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టగానే మామ్మ నన్ను వాటేసుకుని బావురుమంది.

"మా మావకి అన్న ఒకడుండీవోడు. పెళ్ళాన్నెట్టుకుని రంగం ఎల్లిపోనాడు. మరి కబురు నేదు. మా మావ సచ్చిపోయీదాకా ఓడొచ్చిందంటే సాలు, రేవుకెల్లి నిలబడీవోడు. ఆ అన్న కొడుకేటిరా మీ ముత్తాత?"

రంగం అంటే పాతకాలం వాళ్ళ నోట రంగూన్. కళ్ళనిండా నీళ్ళతో చూస్తున్న ముసలమ్మకి, అదంతా నేను ఏసీ గదిలో చిప్స్ నములుతూ అల్లిందని చెప్పే గుండె నాకు లేకపోయింది. "అవును మామ్మా," అనేశాను.

ఇక మామ్మ వేళ్ళ మీద వరసలు కలపడం మొదలుపెట్టింది. సింహాద్రి ఆవిడ భర్తకి పెదనాన్న కొడుకు. అంటే మా తాత, మంగ తండ్రి అన్నదమ్ములు. మా నాన్న మంగకి అన్నయ్య. అక్కడితో ఆగి, మరి మంగ నీకేమవుతుందని నన్నే అడిగింది.

"మేనత్త," అంది మంగ వంటింటి గుమ్మంలోంచి. "టీ తాగుతావేటి, మేనల్లుడా?"

దొరికిన బంధువులని మామ్మ ఒక్కరితో సరిపెట్టుకుంటుందా? మా నాన్నకి కబురు పెట్టింది. మంగ సంగతి నేను ఇంట్లో అప్పటికే చెప్పి ఉన్నాను. ముందు వాళ్ళని చూడాలన్నాడు నాన్న. కబురు రాగానే అవి పెళ్ళిమాటలే అనుకుని, గంజి పెట్టిన పంచె కట్టి, మీసం దువ్వి, బెట్టుగా ఉండాలని దారంతా అభ్యాసం చేస్తూ వచ్చాడు. పేటలో ఆడవాళ్ళు హారతితో ఎదురొచ్చారు. మామ్మ ఆయన గడ్డం పట్టుకుని "వచ్చినావా మనవడా" అంది. నెరిసిన మీసం పెట్టుకుని మనవడనిపించుకున్న మా నాన్న ముఖం చూడాల్సిందే తప్ప రాయడం నా వల్ల కాదు.

మీ తాత సొరచేపతో కలబడ్డాడటగా అని ఎవరో అడిగారు.

"మా తాతా?" అన్నాడు నాన్న. "ఆయన గేదె కొమ్మిసిరితే సెట్టెక్కీసీవోడు. సముద్రం సూస్తే కళ్ళు తిరుగుతాయని ఇసాపట్నమే రానేదు." తర్వాత మెల్లగా నావైపు తిరిగాడు. "ఏటిరా ఇది?"

చెబితే మామ్మ నన్ను జన్మలో క్షమించదు. చెప్పకపోతే మంగ జన్మంతా నాకు మేనత్త. మంగ పక్కకొచ్చి, ఇప్పుడు నోరు విప్పకపోతే నీ పెళ్ళిలో మేనత్త హోదాలో అక్షింతలేసి దీవిస్తానని చెవిలో చెప్పింది. ఆ మాటతో మొత్తం కక్కేశాను. ముత్తాత అబద్ధం, ఓడ అబద్ధం, ముందుమాట పచ్చి అబద్ధం, ఇంటిపేరు మాత్రం మంగ మీద ఇష్టంతో పెట్టుకున్నది.

మామ్మ నా ముఖంలోకి చూసి అడిగింది.

"అయితే ఆ సింహాద్రి గుంటడు నేడేటి?"

"లేడు మామ్మా."

మామ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఈ కథలో నాకు ఇప్పటికీ నవ్వు రానిది ఆ ఒక్క క్షణమే. అంత ఆశపెట్టి లాగేసుకున్నందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

"నీ మాటలన్నీ అబద్దాలే," అంది చివరికి. "అయినా ఆ గుంటడు మమ్మల్నెతుక్కుంటా ఇంత దూరమొచ్చినాడు. ఆడ్ని నానొగ్గను. ఆడు మావోడే. నువ్వే కావు."

అయిపోయింది, పెళ్ళి లేదు ఏమీ లేదనుకుని చెప్పుల కోసం చూశాను. మామ్మ మా నాన్న వైపు తిరిగింది.

"ఈడు మావోడు కానప్పుడు, పిల్లనియ్యడానికి అడ్డేటుంది బాబూ?"

బెట్టు చేయాలన్న సంగతి నాన్న ఎప్పుడో మర్చిపోయాడు. మనవడి హోదా పోతే చాలు, దేనికైనా సరేనన్నాడు.

పెళ్ళి ఆ ఎండాకాలమే అయింది. శుభలేఖ మామ్మ దగ్గరుండి చెప్పి రాయించింది. అందులో ఆడపెళ్ళివారి పెద్దల వరసలో అందరికన్నా పైన ఉన్న పేరు కీర్తిశేషులు దోనుపల్లి సింహాద్రి గారిది. దీవించమని ఆయన పేరుకి నేను కూడా దణ్ణం పెట్టుకున్నాను. నేను కనిపెట్టిన మనిషే నాకు మామగారి వైపు పెద్దాయన కావడం ఏ రచయితకి దక్కుతుంది?

అందుచేత, విశాఖ సముద్రం సాక్షిగా, నూకాలు మామ్మ సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ ముందుమాట రాయను. కర్మకాలి ఇంకో నవల రాయాల్సివస్తే, హీరో తల్లినీ తండ్రినీ మొదటి పేజీలోనే నిక్షేపంలా కూర్చోబెడతాను. వాళ్ళు ఎక్కడికైనా కదిలితే, ముందు మామ్మ అనుమతి తీసుకుంటాను.