అత్తమ్మ క్యారేజీ మీద పేరు

భీమిలి నుంచి వైజాగ్‌లో ఆఫీసుకెళ్లే నాకు మూడేళ్లుగా మా అత్తమ్మే క్యారేజీ కడుతోంది. తను మాత్రం చేపలమ్మడానికి వెళ్తూ పాత గిన్నెలో అన్నం పెట్టి గుడ్డ చుట్టుకునేది. అందుకే ఈమధ్య ఆవిడకో స్టీలు క్యారేజీ కొని, మూత మీద ఆవిడ పేరు కొట్టించాను. మా ఇంట్లో సామాన్లన్నిటి మీదా మామయ్య పేరే ఉంటుంది మరి!

ఆదివారం ఆడపడుచులిద్దరూ వచ్చినప్పుడు ఇచ్చాను. అత్తమ్మకి చదువు రాదు. అక్షరాలు వేలితో తడుముతూ, "ఏటి రాయించేవే? సదువు" అంది.

ఇరుక్కుపోయాను. కోడలు అత్త పేరు పలకడం మా ఇళ్లలో తప్పు. కొట్టించేటప్పుడు ఆ సంగతే తట్టలేదు నాకు.

"మీ పేరే అత్తమ్మా" అని తప్పించుకోబోయాను.

"అదే, సదువు."

ఇక తప్పలేదు. "నూకరత్నం" అని గొణిగాను. ఆడపడుచుల ముఖాలు మాడిపోయాయి.

అత్తమ్మ ఆ అక్షరాల్ని మళ్లీ వేలితో తడిమింది. తర్వాత, "మా యమ్మ పోయాక నన్నా పేరుతో ఎవులూ పిలవనేదు. మల్లీ సదువమ్మా" అంది.

మూడేళ్లుగా ఆవిడ చేతి అన్నం తింటున్నదాన్ని, ఆ ఒక్కటీ అడిగితే కాదంటానా? ఈసారి వీధిలోకి వినపడేలా చదివాను.