శ్రీపతి నూనె, జ్ఞానశేఖర్ సారు గడ్డం

నాంపల్లి స్టేషన్ నుంచి ఆబిడ్స్ వైపు నడిచేవాళ్లకు ఒక సందు మొదట్లో నువ్వుల నూనెలో ఆకుపసరు మరుగుతున్న వాసన గుప్పున తగిలేది. ఆ సందులో మూడో దుకాణం శ్రీపతిది. తండ్రి పోయాక, ఇరవై రెండేళ్ల వయసులో వచ్చి ఆ గద్దె మీద కూర్చున్నాడు. వారానికోసారి ఉస్మాన్‌గంజ్ మార్కెట్‌కు వెళ్లి, నల్ల నువ్వుల నూనె అరచేతిలో పోయించుకుని, రుద్ది, వాసన చూసి మరీ డబ్బాలు తెచ్చుకునేవాడు. చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్లు గంపల్లో గుంటగలగరాకు తెచ్చి పోసేవాళ్లు. దాన్ని దంచి, గుడ్డలో పిండి, ఆ పసరు నూనెలో పోసి, గుప్పెడు మెంతులు వేసి, తడంతా ఇగిరిపోయి చిటపటలు ఆగేదాకా సన్నటి సెగ మీద కాచేవాడు. చల్లార్చి వడకడితే ముదురాకుపచ్చ నూనె దిగేది. జుట్టుకు రాసినా, మీసానికి రాసినా, గడ్డానికి రాసినా ఒత్తుగా పెరుగుతుందని తండ్రి చెప్పేవాడు. కొడుకూ అదే మాట చెప్పి అమ్మేవాడు.

కానీ ఆ మాట చెప్పే మనిషి మొహం మీద మాత్రం ఏమీ పెరగలేదు. ముప్పై తొమ్మిదేళ్లు వచ్చినా శ్రీపతి బుగ్గలు నున్నగా ఉండేవి. చుబుకం మీద పది, పన్నెండు వెంట్రుకలు, పై పెదవి మీద నూగు. పద్దెనిమిదో ఏట నుంచీ రోజూ తెల్లవారగానే ఆ నూనె మొహానికి పట్టించేవాడు. కొనడానికి వచ్చినవాళ్లు ఊరుకుంటారా?

"ఏం సేటూ, మీ నూనె మీకే పని చేస్తలేదా?"

"మా ఒంటి తత్వం గట్లాంటిది" అని నవ్వేవాడు. నవ్వాడన్న మాటే గానీ, ఆ పూట అన్నం సహించేది కాదు.

తెలంగాణ ఉద్యమం వల్ల బడులు నెలల తరబడి మూతపడ్డ అరవై తొమ్మిదో సంవత్సరంలో జ్ఞానశేఖర్ మొదటిసారి ఆ దుకాణానికి వచ్చాడు. మెదక్ నుంచి వచ్చి ఆబిడ్స్‌లో ఒక బడిలో లెక్కలు చెప్పేవాడు. చెంప మీద పాత రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు ఊడిపోయి తళతళలాడుతోంది. చేతిరుమాలు అడ్డం పెట్టుకుని మాట్లాడాడు.

"పేనుకొరుకుడు అంటున్నరు. దవాఖానల మందిచ్చిన్రు, తగ్గలే. బడి తెరిస్తే పిల్లల ముందర ఎట్ల నిలబడాలె?"

"ఫికర్ చెయ్యకుండ్రి సారూ. పొద్దున, మాపు రాయుండ్రి. జర ఓపిక పట్టాలె, అంతే" అన్నాడు శ్రీపతి.

నాలుగు నెలలకు చెంప నిండింది. మళ్లీ ఊడుతుందేమోనన్న భయంతో జ్ఞానశేఖర్ కత్తి ముట్టలేదు. ఏడాది తిరిగేసరికి గడ్డం గుండె మీదికి దిగింది. నల్లగా, నిగనిగలాడుతూ, దువ్వితే అల పడుతూ. రోడ్డు మీద పోతుంటే మనుషులు ఆగి చూసేవాళ్లు. ఆయన మంచి మనిషి. అడిగినవాడికల్లా "శ్రీపతి నూనె" అని చెప్పేవాడు. హిమాయత్‌నగర్ నుంచి, కాచిగూడ నుంచి కూడా మనుషులు వెతుక్కుంటూ వచ్చారు.

శ్రీపతి సంతోషించాలి. మొదట్లో సంతోషించాడు కూడా. కానీ వచ్చినవాళ్లు నూనె సంగతి కన్నా గడ్డం సంగతే ఎక్కువ మాట్లాడేవాళ్లు. సారు గడ్డం అట్లా, సారు గడ్డం ఇట్లా. తాను ఇరవై ఏళ్లు రాసుకున్నాడు. ఆయన నాలుగు నెలలు రాసుకున్నాడు. తనకు రావలసింది దారి తప్పి ఆ మొహానికి చేరినట్టు అనిపించేది.

ఇంతలో ఆబిడ్స్‌లో ఒక ఫొటో స్టూడియో వాడు జ్ఞానశేఖర్‌ను పిలిచి ఫొటో తీసి, పెద్దది చేయించి, స్టూడియో ముందరి అద్దాల బీరువాలో పెట్టాడు. శ్రీపతి ఏదో పని ఉన్నట్టు అటు వెళ్లి చూశాడు. మర్నాడు ఏ పనీ లేకుండానే వెళ్లాడు. అద్దంలో ఆ గడ్డం మీద తన నున్నటి మొహం నీడ పడింది. పక్కన నిలబడ్డ కాలేజీ పిల్లలు "ఏం పర్సనాలిటీరా" అనుకుంటుంటే తల దించుకుని వచ్చేశాడు.

ఆ ఆదివారం భార్య శశికళతో కలిసి మార్కెట్ నుంచి వస్తుంటే జ్ఞానశేఖర్ ఎదురై, నమస్కారం పెట్టి వెళ్లాడు. శశికళ వెనక్కి తిరిగి చూసింది.

"సారు గడ్డం ఎంత నిండుగున్నది చూసిన్రా!" అంది.

శ్రీపతి నడక వేగం పెంచాడు. ఆమె రెండుసార్లు పలకరిస్తే రెండుసార్లూ ఎండ మీద విసుక్కున్నాడు.

తరవాతి నెల జ్ఞానశేఖర్ సీసా పట్టుకుని వచ్చినప్పుడు శ్రీపతి లోపలికి వెళ్లి, కాచని నువ్వుల నూనె నింపాడు. రంగు కోసం నాలుగు చుక్కల పసరు, వాసన కోసం చిటికెడు కర్పూరం. అంతే. గద్దె మీద కూర్చున్న పదిహేడేళ్లలో అప్పటిదాకా ఎవరికీ కల్తీ సరుకు అమ్మలేదు ఆయన.

ఆ రోజు నుంచి ఎదురుచూపులు మొదలయ్యాయి. బడి వదిలే వేళకు దుకాణం అరుగు మీదికి వచ్చి నిలబడేవాడు. పలచబడిందా? నిగనిగ తగ్గిందా? ఒకరోజు తగ్గినట్టే ఉండేది. మర్నాడు చూస్తే మామూలే. నెలలు గడిచాయి. అదే నూనె మళ్లీ మళ్లీ నింపి ఇచ్చాడు. గడ్డం మాత్రం పలచబడలేదు సరికదా, ఇంకా ఒత్తుగా పెరిగింది.

అప్పుడు శ్రీపతికి భయం పట్టుకుంది. ఉత్త నూనెకు అంత పెరిగితే, మరి తన ఆకు, తన మెంతులు, తన తండ్రి చెప్పిన మాట ఏమైనట్టు? ఇన్నాళ్లూ జనానికి అమ్మింది ఏమిటి? ఆ ఆలోచన వచ్చాక కొనేవాడి కళ్లలోకి చూసి "పెరుగుతది" అనడానికి నోరు రాలేదు.

డెబ్బై రెండు చివర్లో జ్ఞానశేఖర్ భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. విక్టోరియా చాలా చిక్కిపోయి ఉంది. తల మీద కొంగు కప్పుకుంది.

"టైఫాయిడ్ వచ్చి జుట్టంత రాలిపోయింది సేటూ. దువ్వెన పెడితే కుచ్చులు కుచ్చులే. నాకిచ్చిన నూనెనే ఈమెకు గూడ ఇయ్యుండ్రి. గదే కావాలె, వేరేది వద్దు" అన్నాడు జ్ఞానశేఖర్.

శ్రీపతి సీసా అందుకున్నాడు. లోపలికి వెళ్లలేకపోయాడు. ఏ డబ్బాలోంచి పొయ్యాలి? ఉత్త నూనె పోస్తే మోసం. కాచింది పోస్తే, అదైనా పని చేస్తుందని తనకేం తెలుసు?

"సారూ, ఒక మాట" అన్నాడు. "ఏడాది పైబడింది, నేను మీకిస్తున్నది ఉత్త నువ్వుల నూనె. ఆకు లేదు, ఏం లేదు."

జ్ఞానశేఖర్‌కు అర్థం కాలేదు. "ఎందుకట్ల? ఆకు దొరకలేదా?"

"దొరికింది. మీ గడ్డం చూసి ఓర్వలేక చేసిన."

దుకాణంలో ఇంకెవరూ లేరు. జ్ఞానశేఖర్ మొహం ఎర్రబడింది. "నేను ఊరంత తిరిగి మీ పేరు చెప్పిన సేటూ" అన్నాడు, నెమ్మదిగా. అరిచినా బాగుండేదనిపించింది శ్రీపతికి.

విక్టోరియా అంది: "నాకు ఎప్పుడో తెలుసు అన్నా. పచ్చళ్లు పెట్టేదాన్ని, ఉత్త నువ్వుల నూనె వాసన తెల్వదా? ఈయన మస్తు మురిసిపోతున్నడని చెప్పలే. దానితోనే ఇంత పెరిగితే నాకు గూడ గదే చాలనుకున్న."

"అమ్మా, పెరుగుతదో లేదో నాకు తెల్వదు" అన్నాడు శ్రీపతి. "తల చల్లగుంటది, వెంట్రుక మెత్తగుంటది. గంతవరకు చెప్పగల." ఆకు వేసి కాచిన నూనె నింపి ఇచ్చాడు. వాళ్లిద్దరూ సీసా తీసుకుని వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం జరిగిందంతా శశికళకు చెప్పాడు. ఆమె చెంగుతో చేతులు తుడుచుకుంటూ విన్నది.

"నేను ఆయన గడ్డం మెచ్చుకున్నదానికి గింత చేసిన్రా?"

"ఔ."

"సారు మొహం ఎవరు చూసిన్రండీ? మా ఆయన చేసిన నూనెకు గట్ల పెరిగింది గదా అని మురిసిన. మా అన్నకు గూడ చెప్పుకున్న."

మరో ఆరు నెలలకు విక్టోరియాకు జుట్టు వచ్చింది. జ్వరం తరవాత ఊడిన జుట్టు దానంతటదే వస్తుందని ఎవరో డాక్టరు చెప్పాడట. శ్రీపతి అది తన గొప్ప అనుకోలేదు. కొనడానికి వచ్చినవాళ్లకు మెత్తదనం సంగతి, దురద తగ్గే సంగతి మాత్రమే చెప్పేవాడు. బేరం కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. జ్ఞానశేఖర్ చాలాకాలం ఆ సందులోకి రాలేదు. ఒక శనివారం సీసా పట్టుకుని వచ్చి, నూనె పోయించుకునే ముందు డబ్బా మూత తీయించి వాసన చూశాడు. అప్పటి నుంచి ఎప్పుడు వచ్చినా వాసన చూశాకే తీసుకునేవాడు.

డెబ్బై నాలుగులో ఒకరోజు సారు గడ్డంలో, చెవి దగ్గర, మూడు తెల్ల వెంట్రుకలు కనిపించాయి శ్రీపతికి. ఆ పూట దుకాణంలో ఈల వేసుకుంటూ ఆకు దంచాడు. ఇంటికి వచ్చాక సిగ్గేసి శశికళకు చెప్పాడు.

"మీరు మారరు" అని ఆమె నవ్వి, అన్నం వడ్డించింది. ఆయన కడుపునిండా తిన్నాడు.