బోళ్ల దుకాణం షట్టర్ దించిన గంట

వెయ్యి రూపాయలతో తెగిపోయే బేరాన్ని పైసా ఇవ్వకుండా కుదిర్చిన ఘనత నాది. ఆ ఘనత వల్లే పెద్దపల్లిలో ఒక బజారు బజారంతా మూతపడింది.

డిజైన్ కాలేజీలో మాకిచ్చిన పని ఊళ్లు తిరగడం. గోడల మీద, బండ్ల మీద, దుకాణాల మీద చేత్తో రాసిన అక్షరాలు వెతికి, నచ్చినవాటిని అసలు కొలతలో బటర్ పేపర్ మీద దించుకుని రావాలి. నేను కరీంనగర్‌లో కిరాణా దుకాణం గల్లా పక్కన పెరిగినదాన్ని. అందుకని బేరాలు నావి, గీతలు మా క్లాసు అమ్మాయిలిద్దరివి అని పంచుకున్నాం.

పొద్దున్నే కనపడింది, ఇంకా తెరవని బోళ్ల దుకాణం. షట్టర్ మీద "స్టీలు, ఇత్తడి బోళ్లు దొరుకును" అని నీలం నీడలతో పసుపు అక్షరాలు. "త్త" కింది ఒత్తు గరిటెలా వంగి, పక్క అక్షరానికి వడ్డిస్తున్నట్టుంది. మర్నాడే ఆ షట్టర్‌కు ఫోన్ల కంపెనీ ప్రకటన రంగు వేస్తారట. ఇవాళ దించుకోకపోతే ఇక ఆ అక్షరాలు లేవు. చిక్కేమిటంటే, అవి కనపడాలంటే దుకాణం మూసి ఉండాలి. మేం చూస్తుండగానే యజమాని వచ్చి షట్టర్ ఎత్తేశాడు.

"ఒక్క గంట దించుతవా కాకా?"

"దించుత. గంట లుక్సాన్ వెయ్యి."

"బోళ్లల్ల గంటకు వెయ్యి యాడ మిగుల్తది? మాది గూడ దుకాణమే."

"ఐతే మీ షట్టరే దించి రాసుకో పో."

నేను తగ్గలేదు. కొంత సామాను మెట్ల మీద పరిచి గంటసేపు నేనే అమ్ముతాను, అమ్మకం వెయ్యికి ఎంత తగ్గితే అంత నేను వేస్తాను అన్నాను. కాక వెంటనే ఒప్పుకున్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది. కాక వాళ్ల బాపు, రోజూ గల్లా మీద కూర్చునే తాత, నేను మాత్రం కదలనన్నాడు. వెనక తలుపు తెరిచి ఉంచి, ఆయన్ని లోపలే కూర్చోబెట్టి షట్టర్ దించాం. కాక బ్యాంకు పని మీద పోయాడు.

పట్టపగలు దించిన షట్టర్. దాని మీద తెల్ల కాగితాలు అతికిస్తున్న ఇద్దరు అమ్మాయిలు. మెట్ల మీద అమ్మకానికి బోళ్లు. గల్లా మీద తాత లేడు. నేను రెండు గరిటెలు అమ్మానో లేదో, బిందె బేరం చేస్తున్న ఒక అవ్వ ఇదంతా ఎగాదిగా చూసింది.

"అయ్యో, పెద్దసేటు పోయిండా! గప్పుడే సామాన్లు గూడ అమ్ముకుంటుండ్రా!"

"లేదవ్వా, లోపల కూసున్నడు."

"కూసోవెట్టిండ్రా!" అని ఇంకా గట్టిగా శోకం తీసింది. వాళ్లలో పీనుగును కూర్చోబెట్టే ఆచారముందని నాకేం తెలుసు!

ఎదురుగా చెప్పుల దుకాణం షట్టర్ దిగింది. వ్యాపారి పోతే బజారు చేసే మర్యాద అది. తర్వాత బట్టల దుకాణం, గడియారాల దుకాణం, గరగరమంటూ వరుసగా అన్నీ దిగాయి. ప్రతి షట్టర్ మీదా అక్షరాలే! మా అమ్మాయిలు పెన్సిళ్లు పడేసి, ఫోన్లు పట్టుకుని ఉరికారు. ఒకతి దండం పెట్టి నిలబడ్డ చెప్పుల సేటునే "జర జరుగు అన్నా, 'చ' కనపడ్తలేదు" అంటోంది. ఎవరో బంతిపూల దండ పట్టుకొచ్చారు.

ఆ గోలకు తాత వెనక తలుపులోంచి సందు తిరిగి వచ్చి, నా పక్కన నిలబడ్డాడు.

"ఎవలు పోయిండ్రు బిడ్డా?"

"నువ్వే తాతా."

మెట్ల మీది బోళ్లు చూశాడు. "గరిటెలు ఎంతకిచ్చినవ్?"

బజారంతా పగలబడి నవ్వింది. అప్పుడే వచ్చిన కాక గుంపును చూసి పరేషానై, ఏమీ అడగకుండా ఒక్క ఊపున షట్టర్ ఎత్తేశాడు. దానితోపాటు మా కాగితాలూ చుట్టుకుని పైకి పోయాయి. లాగితే "త్త" ఉన్న ముక్క ఒక్కటే చేతికొచ్చింది.

"ఇంకొక్క గంట కాకా..."

"ఇగ దించితే మా బాపు నిజంగనే పోతడు. నడువు!"

ఇక లెక్క. అమ్మింది నూట ఎనభై, కాబట్టి నేను వేసింది ఎనిమిది వందల ఇరవై. షట్టర్లు దించిన సేట్లందరికీ చాయ్ మూడు వందల ఇరవై. దండ రెండు వందల యాభై. దేవుని పటానికి పనికొస్తుందని తాత సగం ఇచ్చాడు, నా వంతు నూట ఇరవై ఐదు. మొత్తం పన్నెండు వందల అరవై ఐదు. కాక అడిగిన వెయ్యి ముందే ఇచ్చి ఉంటే ఆ వాక్యం మొత్తం వచ్చేది. వచ్చింది ఒక్క "త్త". అక్షరం ధర అది, ఒత్తుకు వేరే లెక్క కట్టలేదు.