బ్యాటరీ జాడీలో ఉప్పునీటి చేపలు

నేను సైన్సు టీచరుగా చేరింది డెబ్బైల చివర్లో, వన్‌టౌన్ వైపున్న ఓ ఆడపిల్లల ప్రైవేటు బడిలో. మేడెక్కితే పోర్టు క్రేన్లు కనపడేవి. గాలి ఎటు తిరిగినా ఉప్పు వాసనే. అలాంటి చోట సముద్ర నక్షత్రం బొమ్మ బోర్డు మీద సుద్దముక్కతో గీస్తూ, "దీన్ని ప్రాణంతో చూసినవాళ్ళు చేతులెత్తండి" అన్నాను ఎనిమిదో తరగతి పిల్లలతో. ఒక్క చెయ్యి లేవలేదు. నా చెయ్యి కూడా లేవదని గుర్తొచ్చి సిగ్గేసింది.

హెడ్‌మిస్ట్రెస్ గారి దగ్గరికెళ్ళి, ఒక ఆదివారం పిల్లల్ని లాసన్స్ బే ఒడ్డున రాళ్ళ దగ్గరికి తీసుకెళ్తానని అడిగాను.

"ఆడపిల్లల్ని రాళ్ళ మీదికా? ఎవరి కాలైనా విరిగితే వాళ్ళ నాన్నలకి మీరు జవాబు చెప్తారా? పుస్తకంలో బొమ్మ ఉందిగా టీచర్ గారూ, అది చాలు."

"అయితే సముద్రాన్నే ఇక్కడికి తెస్తానండీ."

ఆవిడ నవ్వి చేతిలో ఉన్న ఫైలు తెరిచారు. నేను నవ్వలేదు.

అక్వేరియం సామాన్లమ్మే కొట్టుకి వెళ్తే అన్నీ ఇనప ఫ్రేము తొట్టెలే ఉన్నాయి. ఉప్పునీళ్ళు పోస్తే తుప్పు దిగి చేపలు చస్తాయని కొట్టతనే చెప్పాడు. "ఉప్పునీళ్ళ యవ్వారం ఆఫీసర్ల బంగ్లాలకేనమ్మా. మీకెందుకొచ్చిన గొడవ? గోల్డ్‌ఫిష్ పట్టుకెళ్ళండి," అన్నాడు. ఆ మాటతో నాకు పట్టుదల ఇంకా పెరిగింది. చిన్న గాలి మోటారు ఒక్కటీ కొనుక్కుని వచ్చేశాను.

మా నాన్న పోర్టులో ఎలక్ట్రీషియన్. గోదావరి జిల్లా నుంచి ఆ ఉద్యోగం కోసమే వచ్చాం. రోజుల కొద్దీ నా సణుగుడు విని, ఒక సాయంత్రం పోర్టు వాళ్ళు పాత సామాన్ల కింద అమ్మేసిన పెద్ద బ్యాటరీ గాజు జాడీ ఒకటి రిక్షాలో వేసుకొచ్చారు. దళసరి గాజు. రెండు బిందెల నీళ్ళు పడతాయి. ఎక్కడా ఇనుము లేదు.

"ఏం చేస్తావే దీన్ని?"

"సముద్రం పోస్తాను."

"పొయ్యి. ముందు యాసిడ్ పోగొట్టు."

చాకలి సోడా వేసి వారం రోజులు కడిగాం. బడి నుంచి తెచ్చిన నీలి లిట్మస్ కాగితం ఎర్రబడడం మానేదాకా నాన్న ఒప్పుకోలేదు. హార్బరు నీళ్ళ మీద నూనె తేలుతుంది కాబట్టి లాసన్స్ బే దాకా వెళ్ళి, డబ్బాలతో నీళ్ళు, ఒక సంచిడు ఇసక, విరిగిన గవ్వలు తెచ్చుకున్నాం.

మా వీధికి రోజూ బుట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మడానికి జాలరిపేట నుంచి ఒకామె వచ్చేది. మా అమ్మ వయసుంటుంది. బతికున్న చిన్న చేపలు కావాలని అడిగితే బుట్ట దించి నన్ను ఎగాదిగా చూసింది.

"సేపల్ని కూరొండుకుంతారు గానీ, కూకోబెట్టి సూసుకుంతారేటమ్మా?"

అయినా మర్నాడే తపేలాలో అయిదు చేపలు తెచ్చిచ్చింది. పసుప్పచ్చ ఒంటి మీద నల్ల చారలు. అయిదింటినీ ఒకేసారి జాడీలో వదిలి, క్లాసులో పెట్టాను. పిల్లలు ఆ రోజు అన్నం తినడం కూడా మర్చిపోయారు. మూడో రోజుకి అయిదూ వెల్లకిలా తేలాయి. నీళ్ళు పాలలా విరిగాయి. కంపుకి పక్క క్లాసు లెక్కల టీచరు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఫిర్యాదు చేశారు. హెడ్‌మిస్ట్రెస్ గారు జాడీని సైకిల్ స్టాండు పక్కన పెట్టించి, "ఇంతటితో ఆపండి," అన్నారు.

ఆ అయిదు చేపల్నీ నేనే చంపానన్నది నిజం. ఏడ్చాను. కానీ ఆపాలని మాత్రం అనిపించలేదు. జాడీని రిక్షాలో ఇంటికి తీసుకొచ్చేశాను.

సంగతి విని చేపలామె తిట్టింది. "అయిదింటిని ఒక్కపాలి తోసీసినావా? కొత్తింట్లోకి ముందొక మనిసెల్తాది, పొయ్యెలిగిత్తాది, తరవాతే సుట్టాలు. ముందు రాల్లెట్టు. రాయికి నాచుంటాది. ఆ నీరు మెత్తబడాల."

ఏ పుస్తకంలోనూ నాకు ఇంత సులువుగా దొరకలేదు. ఈసారి తొందరపడలేదు. నెలరోజులు ఇసక, నాచు పట్టిన రాళ్ళు, మోటారు గాలి బుడగలు, అంతే. మా అమ్మ వచ్చినవాళ్ళందరికీ "మా అమ్మాయి రాళ్ళు పెంచుతోంది," అని చెప్పేది. నీళ్ళు ఎండి తగ్గితే ఉప్పు మాత్రం తగ్గదు కదా, అందుకని గాజు మీద గీత పెట్టి అంతవరకూ మంచినీళ్ళే పోసేదాన్ని. తర్వాత గవ్వలో దూరి బతికే సన్యాసి పీత ఒకటి వచ్చింది. అది మూడు వారాలు బాగానే ఉండి, కొత్త గవ్వలోకి ఇల్లు మారాక, ఒకే ఒక్క చారల చేప. ఆఖరున రాయికి అతుక్కుని రేకుల్లాంటివి విప్పే సముద్రపు పువ్వు అనే ప్రాణి ఒకటి.

కరెంటు పోతే మోటారు ఆగిపోయేది. సెలవు రోజుల్లో ఎన్ని మధ్యాహ్నాలు నేనూ నాన్నా వంతులేసుకుని చెంబుతో నీళ్ళు ఎత్తి పోశామో! అలా పోస్తే నీళ్ళలోకి గాలి చేరుతుంది.

అన్నీ నిలదొక్కుకున్నాయన్న నమ్మకం కుదిరాక, ఒక సోమవారం జాడీని మళ్ళీ బడికి తీసుకెళ్ళాను. ఎవర్నీ అడగలేదు. ఎండ తగలని వెనక కిటికీ దగ్గర పెట్టాను. కంపు లేదు కాబట్టి ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. హెడ్‌మిస్ట్రెస్ గారు గుమ్మం దాకా వచ్చి చూసి వెళ్ళిపోయారు.

అసలు గొడవ ఆ తర్వాతి వారంలో వచ్చింది. తన చేప ఎలా ఉందో చూసిపోదామని చేపలామె బేరం ముగించుకుని బడికి వచ్చింది. వాచ్‌మన్ గేటు దగ్గర ఆపేశాడు. "బుట్టతో లోపలికి ఏటి? పో, పో," అంటున్న అరుపులు మా క్లాసుకి వినపడ్డాయి. నేను దిగి వెళ్ళి, ఆమె చెయ్యి పట్టుకుని, బుట్టతో సహా క్లాసులోకి తీసుకొచ్చాను. కుర్చీ చూపించాను. ఆమె కూర్చోలేదు, నేరుగా జాడీ దగ్గరికి వెళ్ళింది.

నేను అప్పటికే పిల్లలకి సముద్రపు పువ్వు గురించి చెప్పి ఉన్నాను. ఒక పిల్ల దాని పేరు చెప్తే ఆమె నవ్వింది. "పువ్వు కాదమ్మా, అదంతా నోరే. సూడండి." బుట్ట అడుగునున్న రొయ్య తునక ఒకటి తీసి మెల్లగా వదిలింది. ఆ రేకులన్నీ ఒక్కసారిగా ముడుచుకుని తునకని మింగేశాయి. పిల్లలు కెవ్వుమన్నారు. ఆ తర్వాత అరగంట పాఠం ఆమే చెప్పింది. నేను వెనక బెంచీలో కూర్చుని రాసుకున్నాను.

మర్నాడు మెమో వచ్చింది. అనుమతి లేకుండా బయటి మనిషిని, అందులోనూ చేపల బుట్టతో, తరగతిలోకి తెచ్చినందుకు సంజాయిషీ ఇవ్వాలి, క్షమాపణ చెప్పాలి. నా ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. "ఒక్క మాట రాసి పడేస్తే పోయేదానికి ఎందుకమ్మా పంతం," అంది అమ్మ. నాన్న మాత్రం, "నువ్వు తప్పు చేశానని అనుకుంటున్నావా?" అని అడిగారు. లేదన్నాను. "మరి లేని తప్పు ఎలా రాస్తావ్?"

మెమో కిందే రాశాను: "ఆమె బయటి మనిషి కారు. ఆ రోజు మా తరగతికి ఉపాధ్యాయురాలు. అవసరమైతే మళ్ళీ పిలుస్తాను." సంతకం పెట్టి ఇచ్చాను.

నా పర్మినెంటు ఉత్తర్వు ఏడాది ఆలస్యమైంది. హెడ్‌మిస్ట్రెస్ గారు దానికి కారణం చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ ఏడాదిలో చేపలామెను మరో రెండుసార్లు పిలిచాను. రెండోసారి వాచ్‌మనే బుట్ట పట్టుకుని ఆమెను మెట్లెక్కించాడు. చారల చేప దాదాపు రెండేళ్ళు బతికింది.

ఎనభైల మధ్యలో పెళ్ళయి ఊరి శివార్లలో కూర్మన్నపాలెం వైపు మరో బడికి మారాను. అక్కడ కూడా ఒక జాడీ పెట్టాను. సముద్రం దూరమైంది కాబట్టి నీళ్ళ డబ్బాలు సిటీ బస్సులో తెచ్చుకోవాల్సి వచ్చేది. ఒకసారి కండక్టరు మూత తీసి వేలు ముంచి, నాలిక మీద పెట్టుకుని, "ఇవి ఉప్పునీల్లు కదమ్మా!" అన్నాడు.

"అవును, ఉప్పునీళ్ళే."

"తాగడానికి పనికిరావు, లగేజీ టిక్కెట్టు మాత్రం కొట్టాల."

"కొట్టండి," అన్నాను, డబ్బా ఒళ్ళో పెట్టుకుంటూ.