చేతులెత్తించిన దీపావళి తుపాకీ

నానమ్మ చెప్పేది రాయవే చిన్నీ, నవ్వకు. కిందటేడు మీ నాన్న బైకు వెనక కూర్చుని ఈ పరాయి దేశంలో మనముండే టార్నీట్ నుంచి ఎడారి దాకా క్యాంపింగుకి వెళ్లాను కదా! దారంతా నిర్మానుష్యమని, మీ తమ్ముడి దీపావళి రీళ్ల తుపాకీ సంచిలో దాచుకున్నాను. సాయంత్రం మీ నాన్న టెంటు వేస్తుంటే, గడ్డం, ఒళ్లంతా పచ్చబొట్లతో ఒక బైకాయన గబగబా నా మీదికి వచ్చాడు. తుపాకీ గురిపెట్టి "ఆగు!" అని అరిచాను. పాపం, బిగుసుకుపోయి చేతులెత్తేశాడు.

"అమ్మా, దించు! ఇక్కడ బొమ్మ తుపాకీ పట్టుకున్నా కేసే!" అంటూ మీ నాన్న పరిగెత్తుకొచ్చాడు.

అప్పుడు చూశాను, ఆ బైకాయన ఎత్తిన చేతిలో దారిలో జారిపోయిన నా శాలువా!

మెల్లగా చెయ్యి దించి దాన్ని నాకందించి, "నో వర్రీస్, లవ్" అన్నాడు. అంటే "ఏం ఫరవాలేదు తల్లీ" అనట.

ఇప్పటికీ ఆ శాలువా కప్పుకుంటే చలి తగ్గుతుంది గానీ, సిగ్గు తగ్గదు.